ఇంజను పీల్చు గాలి

నెల్లూరు జిల్లాకు పడమట నున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను మెట్ట సీమ యని వాడుక. సోమశిల నీరు అందిన చోట్ల పచ్చదనము కలదు గాని, వెలిగొండల దిక్కుగా పోయిన కొలదిని వానను, బావిని నమ్ముకొన్న పొలములే యెక్కువ. వేసవి దుక్కులలో ట్రాక్టరు వెనుక లేచు ధూళి ఎంతో దూరమునకు కానవచ్చును. దున్నువాడు మూతికి తువాలు చుట్టుకొనును. ఇంజనునకు చుట్టిన తువాలు ఎయిర్ ఫిల్టరు. ఆ తువాలు ముడి వదులైనచో ఏమగునో, ఆ ముడిని విప్పి మరల బిగించుట ఎట్లో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా ఒక చిన్న లెక్క. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్న దనుకొందము. రెండు చుట్ల కొకమారు సిలిండర్లన్నియు గాలి పీల్చును. పూర్తిగా నిండని పాలు తీసివేసినను, నిమిషమునకు ఇంచుమించు 2,000 లీటర్ల గాలి లోనికి పోవును. అనగా పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులుండు గదులు నాలుగింటిలోని గాలిని ఒక్క గంటలో అది పీల్చివేయును. ఆ గాలితో ధూళి చేరినచో అందలి సన్నని ఇసుక రేణువులు నూనెతో కలిసి గరుకు పూతవలె రింగులను, లైనరును అరగదీయును. ఉదయము స్టార్టు చేయుట కష్టమగును, నూనె తగ్గును, పొగ నీలి రంగు తిరుగును. తుదకు మెకానిక్కు వచ్చి ఇంజను బోరుకు వచ్చినదని చెప్పును. ట్రాక్టరు అప్పు వాయిదాలు తీరక ముందే ఈ మాట వినవలసి వచ్చిన కుటుంబమునకు అది చిన్న దెబ్బ కాదు.

ఫిల్టరు క్రొత్తదే గదా, ధూళి ఎట్లు పోయెనని పలువు రడుగుదురు. ఫిల్టరునకును, ఇంజను ప్రక్కనున్న మానిఫోల్డునకును నడుమ ఒక రబ్బరు హోసు గొట్టము ఉండును. దాని రెండు కొనలను రెండు క్లాంపులు పట్టియుండును. నీటి గొట్టము వదులైనచో నీరు చిందును. నూనె గొట్టము వదులైనచో మరక పడును. ఈ గొట్టము మాత్రము లోనికి పీల్చునదే గాని బయటికి విడుచునది కాదు. కనుక ఇది వదులైనను కంటికేమియు కనబడదు. అందులోను మానిఫోల్డు వైపు క్లాంపు చాల ఇంజనులలో చేయి పట్టని మూలన ఉండును. చేయి పోదు గనుక దానిని ఎవరును బిగింపరు. ఇంజనునకు చేటు వచ్చునది తఱచుగా ఆ మూలనుండియే.

పట్టీకి గాడులు కోసి, వానిలో స్క్రూ తిరుగునట్లు అమర్చిన క్లాంపునకు బ్రిటిషు నౌకాదళమున పనిచేసిన లంలీ రాబిన్సన్ 1921లో పేటెంటు పొందెను. నూరేండ్లు దాటినను దాని రూపు పెద్దగా మారలేదు. బిగింపు దాని గుణము. స్క్రూ తల ఎటు తిరిగియున్నదో అటునుండియే విప్పవలసి వచ్చుట దాని చిక్కు.

మానిఫోల్డు విప్పవలసి వచ్చినప్పుడు ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివు తీగ తీయవలెను. కొన్ని కార్ల మానిఫోల్డులలో శీతల ద్రవము కూడ ప్రవహించును. వానిని వేడిగా నుండగా తెరచినచో ఒళ్లు కాలును. చుట్టునున్న ధూళిని బ్రష్షుతోను, గుడ్డతోను తుడిచిన పిమ్మటనే క్లాంపు ముట్టవలెను. గొట్టములు ఉన్న తీరును ఫోనుతో ఫొటో తీసికొన్నచో మరల అమర్చునప్పుడు తడుముకొన నక్కరలేదు.

అందని క్లాంపునకు స్క్రూ డ్రైవరు పనికిరాదు. అది జారి రబ్బరును, చేతిని కూడ చీల్చును. చాల క్లాంపుల స్క్రూ తలలకు ఆరు పలక లుండును. 7 లేక 8 మిల్లీమీటర్ల బాక్సు స్పానరును పొడవైన కాడకు గాని, వంగు కాడకు గాని తగిలించి దూరమునుండి త్రిప్పవచ్చును. చిన్న అద్దము, టార్చి దీపము ఉన్నచో స్క్రూ తల కనబడును. గొట్టము అతుకుకొని యున్నచో లాగరాదు, మెల్లగా మెలిత్రిప్పవలెను. అప్పటికిని రానిచో కోసి తీసి క్రొత్తది వేయుట మేలు. గొట్టము వెల కంటె విరిగిన మానిఫోల్డు వెల చాల ఎక్కువ.

బోల్టులను కొనలనుండి నడిమికి, కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. మానిఫోల్డు కదలనిచో ఇనుప ఉలి దూర్చినందున అతుకు ముఖము గీరుకొనును. ఉదయగిరి చెక్క చెంచాలకు పేరుపడిన ఊరు. అట్టి గట్టి చెక్క చీలిక యొకటి ఈ పనికి చాలును. మానిఫోల్డు తీసిన వెంటనే ఇంజను రంధ్రములను శుభ్రమైన గుడ్డలతో మూయవలెను. ఎన్ని గుడ్డలు పెట్టితిమో, మరల అన్నియు తీసితిమో లెక్క చూచుకొనవలెను. ఒక్క నట్టు లోన పడినను పిస్టను పగులును.

మరల అమర్చునప్పుడు పాత గ్యాస్కెటును వాడరాదు. బోల్టులను నడిమినుండి కొనలకు బిగించవలెను. క్లాంపు దొరకలేదని కట్టుడు తీగ చుట్టుట పల్లెలలో కలదు. తీగ రబ్బరును కోయునే గాని సమముగా నొక్కదు. క్లాంపును మితిమీరి బిగించినను గాడులు చెడును. స్క్రూ తలను మాత్రము చేయి అందు వైపునకు త్రిప్పి అమర్చవలెను. రేపు విప్పబోవు చేయి మనది కాకపోవచ్చును. ఆ చేతికి దారి విడిచినప్పుడే పని పూర్తియైనట్లు. మొదటి దినపు దుక్కి ముగిసిన పిదప ఇంజను ఆపి, బిగింపు మరల చూడవలెను.

ఇంటివారు ఎవరైనను చేయగల పరీక్ష యొకటి కలదు. ఇంజను ఆపి, ఫిల్టరు దాటిన గొట్టమును విప్పినప్పుడు లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు ఎఱ్ఱని పొడి అంటినచో ఫిల్టరు చుట్టో, క్లాంపు వద్దనో ధూళికి దారి యున్నదని తెలిసికొనవలెను. దుక్కుల కాలమునకు ముందు ఈ గుడ్డ పరీక్ష చేసికొనుడని మెట్ట సీమలోని ట్రాక్టరు గల ప్రతి ఇంటికిని మా సూచన.