తెరమీది మీట, యంత్రములోని కాలము
(ప్రసంగ పాఠము)

ఎలక్ట్రానిక్ సర్క్యూటును చిప్పుగా తయారుచేయుటకు ముందు దాని నడవడిని కంప్యూటరులో అనుకరించి చూచు పద్ధతి పాతదే. 1970 దశకపు తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమున పుట్టిన స్పైస్ ప్రోగ్రామునకు సర్క్యూటు వివరములను తూట్లుపొడిచిన కార్డులపై అందించెడివారు. ఫలితము కాగితముపై అచ్చై వచ్చెడిది. నేడు యంత్రమును వెరిలాగ్ వంటి భాషలో వర్ణింతురు. వెరిలేటర్ అను ప్రోగ్రాము ఆ వర్ణనను సీ ప్లస్ ప్లస్‌లోనికి మార్చును. ఇక కాగితమునకు మారుగా తెరమీద మీటలు, దీపములు కనబడవలెనను కోరిక సహజమే గదా! ఆ రెంటిని కలుపుటలో మేము పడిన పాట్లను శ్రోతలకు విన్నవింతుము.

మొదటి చిక్కు అందరును ఎరిగినదే. తెరమీది విండో మౌసు కదలికకై నిరంతరము చెవియొగ్గి యుండవలెను. అనుకరణయు అదే వరుసలో సాగినచో విండో కొయ్యబారును. రెంటిని వేర్వేరు థ్రెడ్లలో నడిపి, నడుమ సందేశముల క్యూ నొకదానిని ఉంచితిమి.

అసలు చిక్కు ఆ తరువాతిది. మీట నొక్కినచో అంకె ఒకటి పెరుగవలెను. మా యంత్రము చేయుపని అంతే. దాని క్లాకు సెకనుకు 5 కోట్ల టిక్కులు కొట్టును. మీటలోని లోహపు రేకులు తాకునపుడు ఎగిరిపడును గనుక, 20 మిల్లీసెకన్లు, అనగా 10 లక్షల టిక్కులు, నిలకడగా నున్న నొక్కునే సర్క్యూటు లెక్కించును. మేమెన్నిమారులు నొక్కినను అంకె కదలలేదు. సర్క్యూటే తప్పని రెండు రాత్రులు దానిని విప్పి మరల కట్టితిమి. ప్రతి టిక్కునకు సంకేతములన్నిటిని ఫైలులో వ్రాయించుచుండుటచే మా కంప్యూటరు సెకనుకు సుమారు లక్ష టిక్కులే అనుకరించుచుండెను. మేము అరసెకను నొక్కినది యంత్రమునకు ఒక్క మిల్లీసెకను! పాపము, అది తనకు చెప్పినట్లే నడచి, ఆ నొక్కును రేకుల ఎగురుపాటుగా నెంచి త్రోసివేసినది.

వ్రాత మానినచో వేగము హెచ్చును. కాని తప్పు వెదకువారికి ఆ వ్రాతయే ఆధారము. కొందరు 20 మిల్లీసెకన్లను పరీక్షకై కొన్ని టిక్కులకు కుదింతురు. అది మాకు నచ్చదు; అపుడు పరీక్షకు నిలిచినది మరియొక యంత్రమగును. కావున నొక్కును గోడగడియారముతో గాక యంత్రపు క్లాకుతో కొలిచితిమి. ఒక్క నొక్కునకు మీట 30 మిల్లీసెకన్ల యంత్రకాలము దిగియే యుండును. చూచువారికది 15 సెకన్లు, ఓపిక పట్టవలసినదే.

అంకెల పలక మరొక వింత. నాలుగు అంకెలలో ఒక్కొక్కటి ఒక్కొక్క మిల్లీసెకను వంతున వెలుగును. మన కన్ను వాటిని కలిపి చూచును. తెరమీద మాత్రము అరసెకనుకొక అంకె గంతులు వేయుచుండెను. ప్రతి అంకె చివరి వెలుగును విండో గుర్తుంచుకొనునట్లు చేయగా నాలుగును నిలిచినవి. కాని ఒకనాడు సర్క్యూటులో వంతులు తిప్పు భాగము ఆగిపోయినను తెరమీద అంకెలు నిక్షేపముగా వెలుగుచునే యుండెను! 20 మిల్లీసెకన్ల యంత్రకాలములో మరల వెలుగని అంకె ఆరిపోవునట్లు ఆ సాయంకాలమే మార్చితిమి.