పార్కులో లాను తగ్గించి మన గడ్డి పెంచుదాం



ఎండాకాలంలో మనం బిందెలు పెట్టుకొని ట్యాంకరు కోసం నిలబడతాం. పార్కులో లానుకు మాత్రం రోజూ పైపుతో నీళ్లు. ఆ నీళ్లు పట్టేది కూడా మన సభ్యులే, అందుకే ఈ మాట జాగ్రత్తగా చెప్తున్నా.

కర్నూలు వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపే వాన. ఆ వానతోనే రోళ్లపాడు బీళ్లలో గడ్డి బతుకుతోంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు అది. అక్కడ ఎవరూ పైపు పట్టరు.

పార్కంతా తవ్వమని కాదు. పిల్లోళ్లు ఆడుకునే చోట గరిక ఉండనీ. అంచుల్లో తొలకరికి మన బీడుగడ్డి విత్తనం, తంగేడు, తుమ్మి చల్లుదాం. మొదట్లో వయ్యారిభామను పూత రాకముందే పీకాల. అది చేతిపనే, కూలి ఉంటుంది. తర్వాత పని తగ్గుతుంది, దాచేదేం లేదు. అందుకే గింజ రాలినాక గడ్డి కోసి ఎనుములున్నోళ్లకు అమ్ముకునే హక్కు మన గ్రూపులకే ఇవ్వాలని మున్సిపాలిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టాల. ఆ హక్కు లేకుంటే నేనూ ఒప్పుకోను.

పాములొస్తాయని ఒక అక్క అడిగింది. నడిచే దారికి రెండు పక్కలా గడ్డి పొట్టిగా కోసి ఉంచితే సరిపోతుంది.

తీర్మానానికి చేతులెత్తే ముందు పార్కులో పనిచేసే అక్కలు మాట్లాడతారు. వాళ్ల మాట వినండి.