బోరులో చిక్కిన మోటారు

గజేంద్రమోక్షము చెప్పుమని మిత్రులు కోరిరి. గజమును మకరి పట్టిన చందమున మన మామిడితోటలలో మోటారును బోరు పట్టుచున్నది. నేడు ఆ కథయే చెప్పెదను.

మన బోరు ఆరున్నర అంగుళముల వెడల్పు. అందు దిగు పెద్ద మోటారునకును రాతిగోడకును నడుమ సందు వ్రేలి మందమైనను ఉండదు. ఒక్క గులకరాయి పడిన చాలును, మేకు దిగగొట్టినట్లగును. ఆ రాయి ఎచ్చటిది? తరచుగా పైదే. ఖర్చునకు వెరచి కేసింగు గొట్టమును గట్టిరాయి తగులకముందే ఆపుదుము. దాని క్రింది మెత్తని పొర నీరు ఎక్కి దిగినప్పుడెల్ల రాలుచుండును. నాలుగు గొట్టముల సొమ్ము మిగిల్చి బోరునే పోగొట్టుకొనుట లెక్కలు వ్రాయు నాకు ఎన్నడును బోధపడలేదు. కేబులును పది అడుగులకొకచోట గొట్టమునకు కట్టనిచో, పైకి తీయునపుడు ముడుచుకొని అదియే అడ్డుపడును.

చిక్కినదానికి ట్రాక్టరు కట్టి లాగువారిని చూచితిని. లాగినకొలది రాయి బిగియును. తుదకు గొట్టము తెగి మోటారు అడుగు చేరును. ముందు కరెంటు తీసివేయుడు. పిదప కప్పీతో జానెడు క్రిందికి దింపి, మర బిగియు దిక్కుననే మెల్లగా త్రిప్పి, మరల ఎత్తవలెను. ఇట్లు పూట గడచినను ఓపిక పట్టిన రాయి జారవచ్చును. జారనిచో కెమెరా దింపించి, పట్టినది రాయియో కేబులో చూచిన పిదపనే కొక్కెము వేయింపవలెను.

ఎంతకును రాక విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు పూడ్పవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించినది. గోనెపట్టా కప్పి పోవలదు. రాలిన కాయలేరుటకు పిల్లలు ఆ చెట్ల క్రిందికే వత్తురు.