కొండను అడిగి కట్టిన ఇల్లు



ఈవేళ మీతో మ్యూజియం కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. “వంటా వార్పూ, పిల్లల చదువులూ ఉండగా మ్యూజియం గొడవ మనకెందుకమ్మా?” అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కాని ఈ సంగతి నాకు మా ఇంటి పెరట్లోనే మొదలైంది. అందుకని అక్కణ్ణించే చెబుతాను.

మేము కీసర వెళ్ళే దారిలో, నాగారంలో ఇల్లు కట్టుకున్నాం. స్థలం కొన్ననాడు వెనకవైపు ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద గుండు ఉండేది. దాని పక్కనే ఒక వేపచెట్టు. ఆ బండ మీద వడియాలు పెట్టుకోవచ్చని మా అత్తగారు ఎంతో సంబరపడ్డారు. నేను మాత్రం పెరడు చదునుగా ఉండాల్సిందేనని పట్టుబట్టాను. పదిహేను రోజులు సమ్మెటలు మోగాయి. బండ పోయింది. ఆ రాళ్ళే ప్రహరీగోడ పునాదిలోకి వెళ్ళాయి. రెండు వేసవులు గడిచేసరికి వేపచెట్టు కాస్తా ఎండిపోయింది. వాన పడితే బండ మీంచి జారిన నీళ్ళన్నీ ఆ చెట్టు మొదట్లోకే చేరేవనీ, పొద్దు వాలే వేళ ఎండ తగలకుండా ఆ బండే చెట్టుకు చాటుగా నిలిచేదనీ అప్పటికిగాని నాకు తెలియలేదు. ఇప్పుడు పెద్ద వాన వస్తే ఆ నీళ్ళు నేరుగా మా వంటింటి గడప దాకా వస్తున్నాయి. మా అత్తగారు ఒకే ఒక్క మాటన్నారు. “అది మనకంటె ముందొచ్చింది కదే!”

ఆ తరువాత ఒక చలికాలంలో అందరం కలిసి నాగార్జునకొండ చూడబోయాం. విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కి, సాగర్ నీళ్ళ మీదుగా వెళ్ళాలి. చుట్టూ నీరు, మధ్యలో కొండ. నిజానికి అది పుట్టుకతో ద్వీపం కాదు. కృష్ణానది లోయలో అదొక కొండ, అంతే. ఆ లోయలోనే 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు విజయపురి అనే రాజధాని కట్టుకుని ఏలారు. అక్కడి మహాచైత్యానికి భూరి దానాలు చేసినది రాజవంశపు స్త్రీ చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక చేయించిన కట్టడాలనూ అక్కడి శాసనం పేర్కొంటుంది. చూశారా, ఆనాటి ఆడవాళ్ళకూ కట్టడాల గొడవ పట్టింది!

1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. కోట్లమందికి అన్నం పెట్టే నీరు కావాలి. కాని ఆ నీరు వస్తే లోయ మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యాన పురావస్తు శాఖవారు లోయ అంతా తవ్వి చూశారు. తొమ్మిది కట్టడాలను విడదీసి, వేరేచోటికి చేర్చి తిరిగి నిలబెట్టారు. మరి పద్నాలుగింటి నమూనాలను కొండ మీదా, తూర్పు గట్టున అనుపు దగ్గరా కట్టారు. దొరికిన శిల్పాలను దాచడానికి కొండ మీద మ్యూజియం కట్టి 1966లో తెరిచారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో కావాలంటే అక్కడొక అద్దాల మేడ కట్టి ఉండవచ్చు. కట్టలేదు. పాతకాలపు కోటగోడల నడుమ, బౌద్ధ విహారం పోలికలో కట్టారు. పల్నాటి సున్నపురాతి శిల్పాలు ఏ విహారాల మధ్య పుట్టాయో, అటువంటి ఇంట్లోనే మళ్ళీ చేరాయన్నమాట. శిల్పాలు చూసి బయటికి వస్తే ఎదుట నీళ్ళు కనపడతాయి. ఆ నీళ్ళ కిందే ఆ ఊరుంది. లోపల చూసినదానికి అర్థం బయట దొరుకుతుంది. మెట్ల మీద కూర్చుని మా అత్తగారు, “వీళ్ళు కొండను అడిగి కట్టినట్టున్నారే” అన్నారు. నాకు మా పెరడు గుర్తుకొచ్చి తల వంచుకున్నాను.

ఇటువంటిది పై దేశాల్లోనూ ఉంది. డెన్మార్కులో సముద్రపు ఒడ్డున లూసియానా అనే మ్యూజియం ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందనుకున్నారు? పూర్వం ఆ తోటలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి మూడుసార్లు పెళ్ళాడితే, ముగ్గురు భార్యల పేర్లూ లూయిసే నట! 1958లో అక్కడ మ్యూజియం తెరిచినప్పుడు వాస్తుశిల్పులు ఆ పాత ఇంటిని పడగొట్టలేదు. దాన్నే గుమ్మంగా ఉంచి, తోటలోని చెట్ల మధ్య నుంచి గాజు వసారాలు సాగదీశారు. ఒక గదిలో బొమ్మలు చూస్తుంటే కిటికీ అవతల చెరువు కూడా కనపడుతుంది. కళ్ళు అలసిపోకుండా నడుమ నడుమ పచ్చదనం చూపిస్తారు.

అయితే అంతా కిటికీలే పెడితే సరిపోదు. రాతిబొమ్మ వెలుగును ఓర్చుకుంటుంది. పట్టుచీరా, తాళపత్రమూ, రంగుల పటమూ ఓర్చుకోవు, వెలిసిపోతాయి. మనం పెళ్ళిచీరను ఎండలో ఎక్కువసేపు ఆరవేస్తామా? అలాగే చెమ్మ తగిలితే బూజు పడుతుంది. కనుక ఎండ ఎటు పడుతుందో, వాన నీరు ఎటు పోతుందో, గాలి ఎటునుంచి వస్తుందో ఆ స్థలంలో ఏడాది పొడుగునా చూసి గీత గీయాలి. బండ అడ్డొస్తే గోడ పక్కకు జరగాలిగాని బండ జరగకూడదు. చెట్టున్న చోట ముంగిలి రావాలి. అక్కడి రాయి, అక్కడి పనివాళ్ళ చెయ్యి, అక్కడి రంగు ఉండాలి. ఇందులో ఇల్లాలికి తెలియనిదేముంది చెప్పండి? కుండ ఎక్కడ పెడితే నీళ్ళు చల్లగా ఉంటాయో మనకు ఎవరైనా నేర్పారా?

మా నాగారం చుట్టుపక్కల గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. దగ్గర్లోనే కీసరగుట్ట. శివరాత్రికి మీలో చాలామంది వచ్చే ఉంటారు. అక్కడ విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఒక గుండు మీద “తొలుచువాండ్రు” అనే తెలుగు మాట చెక్కి ఉంది. రాయి తొలిచేవాళ్ళని దాని అర్థం. అది సుమారు 5వ శతాబ్దం నాటిదని పరిశోధకుల అంచనా. ఆ పనివాళ్ళు రాళ్ళు తొలిచారు, కాని ఆ గుండును మిగిల్చారు. మిగిల్చారు కనుకనే వాళ్ళ మాట మనదాకా వచ్చింది.

రేపు మన గుట్టల మీద ఎవరైనా కొత్తగా ఒక మ్యూజియం కట్టదలిస్తే, ముందుగా గుట్టను చదును చేసి, ఆ తరువాత దాని చరిత్రను గాజుపెట్టెలో పెట్టే పని చెయ్యవద్దని నా మనవి. ఆ గుండే అందులో మొదటి వస్తువు కావాలి. మ్యూజియం మాట అటుంచి, మీరు ఇల్లు కట్టుకునేటప్పుడు కూడా మేస్త్రి కంటె ముందు ఒక పూట ఆ స్థలంలో ఊరికే కూర్చోండి. నీడ ఎటు పడుతుందో చూడండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెనూ వెంట తీసుకువెళ్ళండి. ఆవిడ మాట నేను వినలేదు. మా పెరట్లో మళ్ళీ ఒక వేపమొక్క నాటాం. అది నిలదొక్కుకుంటున్నది. బండను మాత్రం తెచ్చుకోలేం కదా!