గుండెయంత్రము – విద్యుత్తు పొదుపు



చెరువు నిండియున్నపుడు నీరుకట్టువాని నేర్పు మనకు తెలియదు. వరి పొట్టమీద నుండగా చెరువడుగంటినచో నాతని తెలివి బయటపడును. ఏ మడికి, ఎప్పుడు, ఎంత నీరు విడువవలెనో యెఱిగి తూము తెఱచుటయు, మూయుటయు నాతని విద్య. ఇట్టి విద్యనే మనుష్యుని రొమ్ములో నమర్చెడు నొక చిన్న కంప్యూటరునకు నేర్పియున్నారు. దానినిగూర్చి నేడు ముచ్చటింతును.

గుండెను నడపుటకు సహజమైన విద్యుత్ప్రేరణ గుండెయందే పుట్టుచుండును. వ్యాధివలన గొందఱి కా ప్రేరణ మందగించును. లేదా త్రోవలో నిలిచిపోవును. అట్టివారికి రొమ్ము పైభాగమున, చర్మముక్రింద, పేస్‌మేకరను యంత్రము నమర్తురు. దానినుండి గుండెలోనికి బోవు సన్నని తీగ ద్వారా నది ప్రేరణ నిచ్చును.

1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశపు కరోలిన్స్కా ఆసుపత్రిలో, ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు నిర్మించిన యంత్రమును సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అను రోగికి అమర్చెను. అది కొన్ని గంటలకే యాగిపోయెను. అయినను లార్సన్ 20కి పైగా యంత్రములు మార్పించుకొని 2001 వఱకు జీవించెను. యంత్రము మార్చవలసినప్పుడెల్ల మరల శస్త్రచికిత్స తప్పదు. తొలినాళ్ల పాదరసపు బ్యాటరీలు సుమారు రెండేండ్లు మాత్రమే వచ్చెడివి. 1972లో లిథియము బ్యాటరీ వాడుకలోనికి వచ్చినపిదప ఆయుర్దాయము పెరిగెను. అయినను బ్యాటరీని రొమ్ములో పట్టనంత పెద్దది చేయజాలము గదా! ఇక మిగిలినది పొదుపు. ఆ పొదుపునకై కంప్యూటరు పాటించు నియమక్రమమును ఆల్గారిథమందురు.

మొదటి నియమము వేచియుండుట. నిమిషమునకు 70 చొప్పున గుండె దినమునకు లక్షకుపైగా కొట్టుకొనును. అన్నిటికిని యంత్రమే శక్తి వెచ్చింప నక్కఱలేదు. ఒక్కొక్క స్పందనముపిదప నది కాలమును లెక్కించును. గడువులోపల గుండె తనంత దాను కొట్టుకొన్నచో మౌనము వహించి, లెక్కను మరల మొదలుపెట్టును. లేనిచో ప్రేరణ నిచ్చును. నడుమ కంప్యూటరులో పెక్కుభాగము నిద్రించుచుండ, గడియారమును, గుండెను కనిపెట్టు భాగమును మాత్రము మేలుకొనియుండును.

రెండవది కొలత నెఱుగుట. వోల్టేజి సగమైనచో వ్యయమగు శక్తి నాల్గవవంతగును. కావున ననేక యంత్రములు అప్పుడప్పుడు ప్రేరణబలమును మెట్టుమెట్టుగా దగ్గించి, గుండె బదులు పలుకుచున్నదా యని పరీక్షించును. పలుకనిచో వెంటనే బలమైన మఱియొక ప్రేరణ నిచ్చి, ఆ స్పందనము తప్పకుండ గాపాడును. ఈ రీతిని చాలినంత కనిష్ఠబలమును గనుగొనును.

కాని యా కనిష్ఠబలముతోనే సరిపెట్టుకొనదు. ఏలయన ఆ హద్దు స్థిరమైనది కాదు. మందులవలనను, వ్యాధివలనను మారుచుండును. నేడు చాలినది రేపు చాలకపోవచ్చును. కొందఱు రోగులకు యంత్రమే యాధారము. అట్టివారికి కొన్ని క్షణముల లోపమైనను మూర్ఛ కలుగవచ్చును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. అందుచే దెలిసిన హద్దునకుపైన గొంత మిగులు నుంచుదురు. పరీక్షాఫలము స్పష్టముగా లేనిచో యంత్రము పొదుపును విడిచి, అధికబలమునకే మరలును. సందేహము కలిగినపుడు వెచ్చింపవలెననుట యీ విద్యలో ముఖ్యసూత్రము.

ఈ యంత్రమును ధరించినవారు మీ గ్రామమున నున్నచో వారి కొకమాట చెప్పుడు. బ్యాటరీ యాకస్మికముగా నడుగంటునని భయపడ నక్కఱలేదు. క్షీణించుచున్న సంగతిని యంత్రము సాధారణముగా గొన్ని నెలలముందే వైద్యుని పరీక్షలో దెలుపును. కాని యా మాట వినుటకు రోగి నియమితకాలమున వైద్యునొద్దకు బోవలెను. ఒంట్లో సుఖముగానే యున్నదని మానరాదు. యంత్రము తన పని తాను చేయుచున్నది. గడువు తప్పక పరీక్ష చేయించుకొనుట మన పని.