యింటి రౌటరు: లోపలి పేజీల సంగతి
(అల్ఫారెట్టా సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడి నృత్యానికీ భోజనాలకీ మధ్య పావుగంటసేపు యింటి రౌటరును గురించి మాట్లాడమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. అందెల సవ్వడి విన్న చెవులకు యీ విషయం కాస్త చప్పగా తోచవచ్చు. అయినా, ఆదివారం పొద్దున అమ్మమ్మతో మాట్లాడుతుండగా తెరమీద ఆవిడ మొహం బిగుసుకుపోయి, "వినపడుతోందా?" అన్న ముక్క తప్ప మరేమీ మిగలని అనుభవం మనలో ఎందరికి లేదు? కనుక యిది మన అందరి విషయమేనని మనవి చేస్తున్నాను.

మన అల్ఫారెట్టా "దక్షిణాది సాంకేతిక నగరం" అని పేరు పెట్టుకున్న వూరు. యిక్కడ కాపురముంటూ, వారమంతా కంపెనీల నెట్‌వర్కులకు కాపలా కాస్తూ, యింట్లో రౌటరును మాత్రం పెట్టెలోంచి తీసిననాటి స్థితిలోనే వుంచిన వారు యీ సభలోనే చాలామంది వున్నారని నా అనుమానం. ఎవరినీ చేయెత్తమని అడగను.

ముందు ఆ ఆగిపోయే మాట సంగతి చూద్దాం. కాల్ తెగినప్పుడల్లా నెలకు మరికొన్ని డాలర్లు పోసి ఎక్కువ వేగం కొంటాం. చాలా యిళ్లలో లోపం వేగంలో లేదు, వరుసలో వుంది. కేబుల్ కనెక్షన్లలో సాధారణంగా లోపలికి వచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి యిరుకు. మేడ మీద ఒకరి ఫోను పెళ్లి వీడియోలను క్లౌడుకు ఎక్కిస్తూ వుంటుంది. ఆ మూటలన్నీ మోడెములోనో రౌటరులోనో బారులు తీరి నిలబడతాయి. పోస్టాఫీసులో యిరవై పార్సిళ్లు మోసుకొచ్చిన పెద్దమనిషి వెనుక ఒక్క కార్డుముక్క పట్టుకున్నవాడు పడిగాపులు కాసినట్టు, మీరు చెప్పిన "బాగున్నావా అమ్మమ్మా" ఆ మూటల వెనుక పడిగాపులు కాస్తుంది. దీనికి "బఫర్‌బ్లోట్" అని పేరు పెట్టారు. మెమరీ చవక అయింది గదా అని పరికరాల్లో నిల్వ స్థలం పెంచుకుంటూ పోవడం వల్ల పుట్టిన తెగులు యిది.

2012లో కేథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ అనే యిద్దరు దీనికి "కోడెల్" అనే మందు ప్రకటించారు. వరుస ఎంత పొడుగున్నదని కాక, ఒక్కొక్క మూట ఎంతసేపు నిలబడిందని చూడటం అందులోని కీలకం. ఆలస్యం తగ్గకపోతే కొన్ని మూటలను కావాలనే జారవిడుస్తుంది. అది చూసి పంపేవాడు జోరు తగ్గిస్తాడు. తరువాత, ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క వరుస యిచ్చే ఏర్పాటు కూడా దానికి తోడయింది. మీ రౌటరు లోపలి పేజీల్లో "క్వాలిటీ ఆఫ్ సర్వీస్" అనో "స్మార్ట్ క్యూ" అనో వుంటే తెరవండి. యింట్లో ఎవరూ వాడని సమయంలో రాకపోకల వేగాలు రెండూ కొలిచి, వాటిలో 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. కాగితం మీద పదోవంతు వేగం పోతుంది, మాట నిలుస్తుంది. యీ బేరంలో నాకు నష్టం కనబడదు. అన్ని రౌటర్లకూ యీ సౌకర్యం వుండదు. కొత్తది కొనేటప్పుడు పెట్టెమీద అచ్చువేసిన పెద్ద పెద్ద అంకెలకన్నా దీన్ని గురించి అడగటం మేలు.

గాలిలోని దారుల మాట. యీ దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 11 చానళ్లు వున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా వుండేవి 1, 6, 11 మాత్రమే. గోడకు గోడ ఆనుకున్న టౌన్‌హోముల్లో వుండేవారు 3 గాని 4 గాని ఎన్నుకుంటే యిటు పక్కవారికీ అటు పక్కవారికీ కూడా అడ్డమే. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనది గాని గోడలు దాటేసరికి నీరసిస్తుంది, బేస్‌మెంటుకు చేరేసరికి అలసిపోతుంది. అందులో కొన్ని చానళ్లు రాడార్లతో పంచుకున్నవి. విమానాశ్రయాల దగ్గర గాలివాన మార్పులను కనిపెట్టే రాడార్లు 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. రాడార్ చప్పుడు చెవిన పడితే రౌటరు ఆ చానలు ఖాళీ చేసి, అరగంటదాకా తిరిగి రాకూడదని నియమం. పగలంతా బాగున్న వై-ఫై వున్నట్టుండి అర నిమిషం మాయమయ్యే యిళ్లలో, 120, 124, 128 చానళ్లు వదిలి 36 మొదలు 48 వరకు వున్నవాటిలో ఒకటి పెట్టి చూడండి. 2020లో ఎఫ్.సి.సి. వారు 6 గిగాహెర్ట్జ్ పట్టీ కూడా తెరిచారు గాని, దానికి తగిన ఫోన్లు కూడా వుండాలి.

యిక తలుపుల సంగతి. రౌటరుకు రెండు సంకేతపదాలుంటాయి. ఒకటి వై-ఫైలో చేరటానికి, రెండవది రౌటరునే మార్చటానికి. మొదటిది చుట్టాలకు చెప్పేది, రెండవది చెప్పరానిది. 2016లో "మిరాయ్" అనే పురుగు, ఫ్యాక్టరీలో పెట్టిన పేరు-సంకేతపదాల జతలు అరవైకి పైగా వరుసగా ప్రయత్నించి, కెమెరాలనూ రౌటర్లనూ సైన్యంగా కూడగట్టింది. ఆ అక్టోబరు 21న అలాంటి సైన్యం ధాటికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి అందకుండా పోయాయి. ఆ పురుగును రాసిన ముగ్గురూ యిరవై యేళ్లు దాటీ దాటని కుర్రవాళ్లు. 2017లో నేరం ఒప్పుకున్నారు. బయటినుంచి రౌటరును మార్చే సదుపాయాన్ని మూసేయండి. మీట నొక్కితే చేర్చుకునే డబ్ల్యు.పి.ఎస్.ను కూడా మూసేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు గనుక, 11,000 ప్రయత్నాల్లో తెరుచుకుంటుందని 2011లోనే తేలింది. డబ్ల్యు.పి.ఏ.3 పెట్టండి, యిండియానుంచి తెచ్చిన పాత ఫోను చేరకపోతే 2, 3 కలిసిన పద్ధతి వుంటుంది. తయారీదారు మరమ్మతులు పంపటం మానేసిన రౌటరు ఎంత బాగా వెలుగుతున్నా దానికి పదవీ విరమణ యివ్వటమే న్యాయం.

మన పాత పెంకుటిళ్లకు వీధి అరుగు వుండేది. దారిన పోయేవాడు కూర్చునేవాడు, మంచినీళ్లు తాగేవాడు, వంటింట్లోకి మాత్రం వచ్చేవాడు కాదు. "గెస్ట్ నెట్‌వర్క్" సరిగ్గా ఆ అరుగే. పార్టీకి వచ్చినవారి ఫోన్లు, చవకగా కొన్న బల్బులు, గుమ్మం కెమెరా అక్కడ కూర్చుంటే చాలు. ఆఫీసు కంప్యూటరు లోపల వుండాలి. ఆ అరుగు మీది ఫోను నుంచి మీ ప్రింటరుకు కాగితం పంపటం మామూలుగా కుదరదు. అది లోపం కాదు, దాని ధర్మమే అంత.

యిప్పుడు అసలు విషయం. యీ తాళాలన్నీ మన యిళ్లలో ఎవరి చేతిలో వున్నాయి? కొన్ని యిళ్లలో పధ్నాలుగేళ్ల అబ్బాయి దగ్గర. మరికొన్నింటిలో నాన్నగారి దగ్గర. ఆయన ఎవరికీ చెప్పకుండా రాత్రి పదింటికి పిల్లల ఫోన్లకు గేటు వేస్తారు. ఆ రహస్య ప్రభుత్వం నిలవదు. 2019, 2020ల నుంచి ఫోన్లు నెట్‌వర్కుకొక మారుపేరుతో చేరుతున్నాయి. పిల్లవాడు తలచుకుంటే ఆ పేరు మారుతుంది. లేదా వై-ఫై వదిలి సెల్ డేటా మీద పోతాడు. రౌటరు చిట్టాలో చాలావరకు సైట్ల పేర్లే కనబడతాయి గాని లోపల ఏం చదివాడో కనబడదు. గేము కోసం యు.పి.ఎన్.పి. తెరిచి వుంచాలా, రాత్రి ఎప్పుడు ఆపాలి అన్నవి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేజీ చూపిస్తూ తేల్చుకోవలసిన మాటలు. పైగా ఆ పేజీలో వున్న సగం మాటలు వాళ్లకే మనకన్నా బాగా తెలుసు.

పిల్లలకన్నా నాకు ఎక్కువ దిగులు పెద్దవారిని గురించి. తాతగారు ఆరు నెలలకు వస్తారు. ఆయన ఫోనులో యిండియా సిమ్ము, నోటినిండా వాట్సాప్. పదకొండింటికి అందరూ ఆఫీసులకూ బళ్లకూ పోతారు. ఆ సమయంలో రౌటరు ఆగిందంటే ఆయనకు ఫోను వుండీ లేనట్టే. వాట్సాప్‌లో 911 పిలవటం కుదరదు. చందా లేని ఫోను నుంచి వచ్చినా సరే, 911 కాల్‌ను సెల్ కంపెనీలు అందించి తీరాలని ఎఫ్.సి.సి. నియమం వుంది, యీ సంగతి ఆయనకు చెప్పండి. అటువంటి ఫోనుకు వారు తిరిగి పిలవలేరు గనుక, యింటి చిరునామా పెద్ద అక్షరాలతో తెలుగులోనూ యింగ్లీషులోనూ రాసి గోడకు అంటించండి. మీరు బేస్‌మెంటులో వై-ఫై కాలింగ్ వాడేవారైతే, ఫోను సెట్టింగులలో అత్యవసర చిరునామా మీ పాత అపార్టుమెంటుదే వుందేమో యీ రాత్రే చూడండి. మోడెముకూ రౌటరుకూ చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి తగిలించండి. రౌటరును ఆపి, నిమిషం ఆగి, తిరిగి వేయటం తాతగారికి ఒకసారి ఆయన చేతనే చేయించండి. రెండవ సంకేతపదం యింట్లో కనీసం యిద్దరు పెద్దలకు తెలియాలి. కాగితం మీద రాసి పాస్‌పోర్టులు పెట్టే చోట పెట్టండి.

భోజనాలయ్యాక వెనుక బల్ల దగ్గర మన హైస్కూలు పిల్లలు కొందరు కూర్చుంటారు. మీ రౌటరు మోడలు పేరు చెబితే, ఏ మీట ఏ పేజీలో వుందో చూపిస్తారు. సంకేతపదాలు మాత్రం వారికి కూడా చెప్పకండి. పులిహోర చల్లారకముందే నన్ను ముగించమని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు.