చంటిపిల్లల రక్త పరీక్ష – ట్యూబు ఎవరి చేతిలో ఉండాలి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న మన సంఘ సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఇచ్చాం.)



నన్ను రక్తహీనత గురించి చెప్పమని పిలిచారు. ఆకుకూరలు, బెల్లం, ఐరన్ మాత్రలు... ఇవన్నీ ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరమ్మ మీకు చెప్తూనే ఉన్నారు. నాకంటే బాగా చెప్తారు కూడా. నేను ల్యాబులో కూర్చునే మనిషిని. నాకు రోగి ముఖం కంటే ముందు కిటికీలోంచి లోపలికి వచ్చే చెయ్యి కనపడుతుంది. ఆ చేతుల గురించే ఇవాళ చెప్పాలనుకున్నాను.

వానాకాలం వచ్చిందంటే జ్వరాలు. ఓపీ నిండా చంటిపిల్లలే. లోపల సిస్టరమ్మ బిడ్డకు రక్తం తీస్తుంది. తీసిన ట్యూబు తల్లి చేతిలో పెట్టి "ల్యాబులో ఇచ్చి రామ్మా" అంటుంది. తప్పు పట్టడానికి చెప్పట్లేదు, అక్కడ సిస్టరు ఒక్కతే, బయట అరవై మంది. ఆ తల్లి చంకలో బిడ్డ, పళ్ళ మధ్య ఓపీ చీటీ, ఒక చేతిలో పాలసీసా, ఇంకో చేతి గుప్పిట్లో ట్యూబు. గుప్పిట చెమట పట్టి ఉంటుంది. బిడ్డ ఏడుస్తూ తంతుంటాడు. కొందరు ట్యూబును రొంటిన దోపుకుంటారు. ఒకమ్మ జాకెట్లోంచి తీసి ఇచ్చింది, డబ్బులు పెట్టుకునే చోటు కదా, పోదని! నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. మూత సగం ఊడి ఉంది.

పిల్లల ట్యూబు ఎంతుంటుందో చూశారు కదా. నా చిటికెన వేలంత కూడా ఉండదు. అందులో పట్టేది అర మిల్లీలీటరు, అంటే పది చుక్కల లెక్క. పెద్దవాళ్ళకైతే రెండు మూడు మిల్లీలీటర్లు తీస్తాం, పాడైతే ఇంకోసారి తీస్తాం. పసివాడికి ఆ పది చుక్కలు తీయడానికే ఇద్దరు మనుషులు, పావుగంట ఏడుపు. అది ఒలికితే మళ్ళీ గుచ్చాలి. రెండోసారి గుచ్చేటప్పుడు ఏ తల్లీ మనల్ని దీవించదు.

ఊదారంగు మూత ఉన్న ట్యూబు అడుగున మందు పూసి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఆ మందు. రక్తం గీత దాకా పట్టాక మూత బిగించి, ట్యూబును నెమ్మదిగా తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టాలి. అలా ఎనిమిది, పది సార్లు. మజ్జిగ గిలక్కొట్టినట్టు ఊపకూడదు. ఊపితే రక్తకణాలు పగిలిపోతాయి. అసలు తిప్పకపోతే ఇంకో చిక్కు. పైకి కనపడకుండా లోపల చిన్న గడ్డ కడుతుంది, ఆవగింజంత. ప్లేట్‌లెట్లన్నీ ఆ గడ్డలో ఇరుక్కుపోతాయి. మిషన్‌కు ఆ సంగతి తెలియదు, బయట మిగిలినవి లెక్కపెట్టి అంకె కొడుతుంది.

ఇది నా చేతుల మీదుగానే జరిగింది. నాలుగేళ్ళ పిల్ల, మూడో రోజు జ్వరం. ప్లేట్‌లెట్లు ముప్పై వేలు అని వచ్చింది. అది డెంగీ సీజను. కాగితం చూసి తండ్రి నిలువునా వణికిపోయాడు. ఆ రాత్రికే కారు మాట్లాడుకుని పట్నం వెళ్ళారు. తల్లి సంఘంలో తీసుకున్న అప్పు, గేదె కోసం దాచింది, దాంట్లోంచి పద్దెనిమిది వేలు ఖర్చయింది. అక్కడ మళ్ళీ రక్తం తీస్తే లక్షా తొంభై వేలు. పిల్లకు మామూలు జ్వరం. నేను తర్వాత ఆ ట్యూబు తీసి పుల్లతో కదిపి చూస్తే గడ్డ ఉంది. కాగితం ఇవ్వక ముందే చూడాల్సింది. అంత తక్కువ అంకె వస్తే ట్యూబులో గడ్డ ఉందేమో చూడటం, స్లైడు వేసి చూడటం మా పని. ఆ రోజు చూడలేదు. ఆ గేదె డబ్బు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ తల్లి ఇక్కడే ఉందేమో, ఉంటే క్షమించమ్మా.

అందుకని మీరు ధైర్యంగా అడగొచ్చు: "ప్లేట్‌లెట్లు ఇంత తక్కువ వచ్చాయి, ట్యూబులో గడ్డ కట్టిందేమో చూశారా?" ఈ ఒక్క మాట అడిగితే ఏ టెక్నీషియనైనా లేచి చూస్తాడు. అడిగారని కోప్పడితే ఆ కోపం వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. కానీ ఒకటి, అడిగి ఊరుకోకండి. బిడ్డ కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఆగకుండా వాంతులు, కడుపునొప్పి, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం, మత్తుగా పడి ఉండటం... ఇవి కనపడితే అంకెతో పనిలేదు, వెంటనే డాక్టరు దగ్గరికి.

ఇప్పుడు పట్టుకోవడం సంగతి. రక్తం తీసేటప్పుడు చాలామంది తల్లులు "నేను చూడలేనమ్మా" అని బయటికి వెళ్ళిపోతారు. బిడ్డను నాయనమ్మకో, పక్కవాళ్ళకో ఇస్తారు. నన్నడిగితే తల్లే ఉండాలి. సూది వైపు చూడొద్దు, బిడ్డ ముఖం చూడండి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. బిడ్డను మీ ఒళ్ళో పక్కకు కూర్చోబెట్టుకోండి. రెండు కాళ్ళు మీ తొడల మధ్య ఇరికించండి. గుచ్చని చెయ్యి మీ చంక కిందుగా మీ వీపు వైపుకు పోనివ్వండి, అప్పుడది వచ్చి ట్యూబు మీద పడదు. ఒక చేత్తో బిడ్డ భుజం చుట్టూ పట్టు, ఇంకో చేత్తో గుచ్చే చేతిని మోచేయి దగ్గర పట్టు. గట్టిగా, కానీ నొక్కినట్టు కాదు. కోడిపిల్లను పట్టుకున్నట్టు అంటుండేది మా అమ్మ.

నడక రాని పసిగుడ్డు అయితే వేలికి గుచ్చరు. వేలిలో ఎముక పైకే ఉంటుంది, తగులుతుంది. మడమకు పక్కగా గుచ్చుతారు, మధ్యలో కాదు. కొంచెం పెద్ద పిల్లలకు నడిమివేలు, ఉంగరపు వేలు. అంతకు ముందు ఆ చెయ్యి చల్లగా ఉంటే మీ అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టండి, రక్తం తేలిగ్గా వస్తుంది. మొదటి చుక్క తుడిచేస్తాం, అది వృథా అనుకోవద్దు. వేలు పిండి పిండి తీస్తుంటే మాత్రం చెప్పండి. పిండితే ఒంట్లో నీరు కలిసి వస్తుంది, రక్తం పలచబడి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు పదకొండు కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని రాస్తారు. పదకొండున్నర ఉన్న బిడ్డ, పిండుడు వల్ల పదిన్నరకు రావచ్చు.

ఇక అసలు విషయం. మధ్యలో ఎవరో ఒకరు "అమ్మా, ఈ ట్యూబు కాస్త పట్టుకో" అంటారు. పట్టుకోకండి. మీ రెండు చేతులూ బిడ్డ కోసం. "బిడ్డను నేను పట్టుకుంటాను, ట్యూబు స్టాండులో పెట్టండి" అనండి. ఒకే చెయ్యి బిడ్డనూ ట్యూబునూ పట్టుకోలేదు. ఏదో ఒకటి జారుతుంది. జారేది బిడ్డ కాకూడదని మనం ట్యూబును గట్టిగా నొక్కుతాం, ప్రమాదం అక్కడే ఉంది.

ప్లాస్టిక్ ట్యూబు అయితే ఒలుకుతుంది, పోతుంది. గాజుదైతే?

ఆపరేషన్‌కు ముందు రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూస్తారు. మా తరం నేర్చుకున్న పద్ధతి ఏంటంటే, జడపిన్ను కంటే సన్నగా ఉండే గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అర నిమిషానికి ఒకసారి చివర కొంచెం కొంచెం విరుస్తూ పోవాలి. విరిచినచోట దారంలా సాగితే గడ్డకట్టినట్టు. అంటే రక్తం ఉన్న గాజును చేత్తో విరవడమే మా పరీక్ష! ఇంకా ముందైతే హిమోగ్లోబిన్ చూడటానికి రక్తాన్ని గొట్టంతో నోటితో పీల్చేవాళ్ళం. మీ ముఖాలు అలా పెట్టకండి, అప్పుడు అందరం అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, టాన్సిల్స్ ఆపరేషన్‌కు వచ్చిన ఒక బుడ్డోడికి ఈ పరీక్ష చేస్తున్నాను. వేలి దగ్గర గొట్టం పెట్టి రక్తం ఎక్కిస్తున్నాను. పట్టుకోవడానికి తల్లి లేదు, ఒక ఆయా ఉంది, ఆమెకు అప్పుడే ఎవరో కేకేశారు. వాడు ఒక్క విదిలింపు విదిలించాడు. గొట్టం నా బొటనవేలిలో విరిగింది. గ్లౌజులు లేవు. నేనేం చేశానంటే, వేలు నోట్లో పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి వేలు తెగితే మనం చేసేది అదే కదా! ఎవరికీ చెప్పలేదు. కొత్త ఉద్యోగం, చేతకానిదంటారని. ఇంట్లో ఆరు నెలల బిడ్డ, పాలు తాగుతున్నాడు. ఆ రాత్రి వాడికి పాలివ్వాలంటే చెయ్యి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం సీనియర్ సిస్టరుకు చెప్పి ఏడ్చాను. ఆవిడ ఒక్క మాట కూడా తిట్టకుండా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందు మొదలుపెట్టారు. బుడ్డోడి తల్లిదండ్రుల అనుమతి అడిగి వాడి రక్తం పరీక్ష చేశారు. ఏమీ లేదని తేలేదాకా నాకు అన్నం సహించలేదు.

నాకు ఏమీ కాలేదు. అందరికీ అలా ఉండదు. అమెరికాలో బాల్టిమోర్‌లో హసీబ్ ఔన్ అని ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. 1983లో, లుకేమియా ఉన్న పేషెంటు రక్తంతో ఉన్న ఇలాంటి గాజు గొట్టమే ఆయన చేతిలో పగిలి వేలు తెగింది. అప్పటికి ఎయిడ్స్‌కు పరీక్ష కూడా రాలేదు. ఆ రక్తంలో హెచ్ఐవి ఉంది. ఆయన 1992లో చనిపోయాడు. 1999లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు కలిసి, ఒట్టి గాజు గొట్టాలు వాడొద్దు, ప్లాస్టిక్‌వి గానీ, పగిలినా గుచ్చుకోకుండా ప్లాస్టిక్ పొర చుట్టినవి గానీ వాడండి అని సలహా ఇచ్చాయి. ఆ రకం మన దగ్గరా దొరుకుతాయి. అడిగేవాళ్ళు ఉండాలి.

హెచ్ఐవి పేరు చెప్పానని ఎవర్నీ అనుమానంగా చూడొద్దు. ముఖం చూసి రక్తం చెప్పలేం. అందుకే అందరి రక్తాన్నీ ఒకేలా జాగ్రత్తగా పట్టుకోవాలి. కలెక్టరుగారి మనవడిదైనా, కూలికెళ్ళే అమ్మ కొడుకుదైనా. నిజానికి సూది గుచ్చుకుంటే హెచ్ఐవి అంటుకోవడం వెయ్యిలో మూడు సార్లే. టీకా వేయించుకోని వాళ్ళకు హెపటైటిస్ బి అంటుకునే అవకాశం దానికంటే చాలా ఎక్కువ. పిల్లలకు పుట్టగానే వేస్తున్నారు. మన సంఘాల నుంచి ఆసుపత్రుల్లో ఆయాలుగా, ఊడ్చే పనికి వెళ్ళే అక్కలు ఉన్నారు, ఆశాలు ఉన్నారు. చెయ్యెత్తండి చూద్దాం... మీలో ఎంతమంది ఆ టీకా మూడు డోసులూ వేయించుకున్నారు? (చేతులు దిగిపోయాయి.) చూశారా. కాంట్రాక్టరును అడగండి, మెడికల్ ఆఫీసరును అడగండి. జీతం అడిగినంత గట్టిగా అడగండి.

ట్యూబు పగిలితే చేత్తో ఏరకూడదు, పైట కొంగుతో అసలే తుడవకూడదు. నేను కళ్ళారా చూశాను, ఒక నాయనమ్మ "అయ్యో నా మనవడి రక్తం" అని కొంగుతో తుడిచింది, లోపల గాజు ముక్క ఉంది. ముందు పిల్లల్ని దూరం జరిపి సిబ్బందిని పిలవండి. వాళ్ళు మందునీళ్ళు పోసి, అట్టముక్కతోనో చీపురు చేటతోనో ఎత్తుతారు. 2016 నిబంధనల ప్రకారం పగిలిన గాజు నీలం డబ్బాలోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. ఊడ్చే అక్కకు గుచ్చుకునేది మేము తప్పు డబ్బాలో వేసినప్పుడే.

గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టొద్దు, పిండొద్దు. కుళాయి కింద సబ్బుతో కడగాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, డెబ్బై రెండు గంటలు దాటితే ఇవ్వరు. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు.

ట్యూబు మోయక తప్పదంటారా, నిజమే, మనుషులు లేని చోట మీరే మోయాలి. అప్పుడు మూడు చూడండి. మూత బిగిసిందా, పేరు మీ ముందే రాశారా, చిన్న కవరులో వేసి ఇచ్చారా. పేరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒకే పేరున్న పిల్లలు ఒక ఊళ్ళో నలుగురుంటారు, ఇంటిపేరు, వయసు కూడా ఉండాలి. కవరు నిలువుగా, వేళ్ళతో పైన పట్టుకోండి, గుప్పిట్లో కాదు. బిడ్డను ఇంకెవరికైనా ఇచ్చి వెళ్ళండి. ఎవరూ లేకపోతే సిస్టరుతో చెప్పండి, "బిడ్డను చూస్తూ ఉండండమ్మా" అని. ఆవిడ తల ఊపుతుంది.

మన సమాఖ్యకు ఒక విన్నపం. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ మీటింగుకు మన ప్రతినిధి వెళ్ళినప్పుడు రెండు సంగతులు మినిట్స్‌లో రాయించండి. ఇంజెక్షన్ రూములో ట్యూబులకు స్టాండు, మోసుకెళ్ళడానికి మూత డబ్బా. పెద్ద ఖర్చు కాదు. గాజు గొట్టాల బదులు ప్లాస్టిక్‌వి తెప్పించమని కూడా అడగండి, అవి కొంచెం ఎక్కువ ధర, అందుకే ముందు కాదంటారు. రెండోసారి అడగండి.

ఆ పక్క టేబుల్ మీద ఖాళీ ట్యూబులు పెట్టాను. నీళ్ళలో కుంకుమ కలిపి పోశాను, భయపడకండి. భోజనాలకు లేచే ముందు ఒక్కొక్కరు వచ్చి మూత బిగించి, నెమ్మదిగా తిప్పి చూడండి. పిల్లలున్న వాళ్ళు ముందు రండి, బిడ్డను పక్కన అక్కకు ఇచ్చి.